నెమలిది ఒంటరి ఆట, మనిషిది జట్టు ఆట

పెళ్లి బారాత్‌లో తీన్మార్ దరువు అందుకోగానే గుంపులో ఏం జరుగుతుందో తెలంగాణలో పుట్టి పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ముందు పిల్లలు దిగుతారు, వాళ్ల వెనక పెళ్లికొడుకు స్నేహితులు. కాసేపటికి, నలుగురిలో నోరు విప్పడానికే మొహమాటపడే మేనమామ కూడా జేబురుమాలు చేతపట్టుకుని మధ్యలోకి వస్తాడు. మేడ మీద నిలబడి చూసేవాళ్ల పాదాలు సైతం వాళ్లకు తెలియకుండానే తాళం వేస్తుంటాయి. గోదావరి జిల్లాల్లో గరగల డప్పుకీ, ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ల మోతకీ ఇదే వరస.

జీవశాస్త్రం వైపు నుంచి చూస్తే ఇది పెద్ద చిక్కుప్రశ్న. ఆటతో కడుపు నిండదు, దాహం తీరదు. ఒళ్లంతా చెమట పట్టి ఆయాసం వస్తుంది. అయినా దాదాపు ప్రతి మానవ సమాజంలోనూ ఆట ఉంది. శక్తిని ఇంతగా ఖర్చు చేయించే పని వేల తరాలు నిలిచిందంటే దానికి ఏదో ప్రతిఫలం ఉండి తీరాలి.

దీనికి శాస్త్రవేత్తలు రెండు జవాబులు చెబుతూ వచ్చారు. జత కోసం అనేది మొదటిది, పాతది. కలిసి బతకడం కోసం అనేది రెండోది. పక్షుల విషయంలో మొదటి జవాబు చాలా వరకు నిజం. మనిషి దగ్గరకు వచ్చేసరికి రెండోదానికే బలమైన ఆధారాలున్నాయి. మన పెళ్లి సంబంధాలు కూడా ఆ రెండో జవాబు నీడలోనే కుదిరాయని నా అభిప్రాయం. అది ఎందుకో నెమలి దగ్గర నుంచి మొదలుపెట్టి చూద్దాం.

పురి విప్పాక జరిగేది

నెమలి ఈక కంటబడితేనే తనకు ఒంట్లో బాగుండడం లేదని 1860లో డార్విన్ తన మిత్రుడు, అమెరికా వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రేకు రాసిన ఉత్తరంలో వాపోయాడు. ఆయన బాధకు కారణం ఉంది. బతకడానికి పనికొచ్చే లక్షణాలే తరతరాలుగా నిలుస్తాయన్నది ఆయన సిద్ధాంతం. అంత బరువైన పింఛం ఎగరడానికి అడ్డం, పులికీ చిరుతకూ సులువైన గుర్తు. మరి అదెలా నిలిచింది? 1871లో వచ్చిన పుస్తకంలో ఆయనే జవాబిచ్చాడు. బతకడం ఒక్కటే చాలదు, జత కూడా దొరకాలి. ఆడపక్షి ఎవరిని ఎంచుకుంటే వాళ్ల లక్షణాలే పిల్లలకు వెళతాయి. ఆడదాని అభిరుచే మగదాన్ని తీర్చిదిద్దుతుందన్న ఆ మాటను ఆనాటి పండితులు చాలామంది ఒప్పుకోలేదు.

ఆ తరవాత వందేళ్లకు పైగా గడిచాక ఇంగ్లండ్‌లోని విప్‌స్నేడ్ పార్కులో మారియన్ పెట్రీ నెమళ్ల మీద నిఘా వేసింది. పింఛంలో ఎక్కువ కళ్లున్న మగవాటికి ఎక్కువ జతలు దొరికాయి. కొన్ని కళ్లు కత్తిరించేస్తే జతలు తగ్గాయి. లెక్క తేలిపోయిందనుకున్నారు. కానీ జపాన్‌లో తకాహాషి బృందం ఏడేళ్లు గమనించి, కళ్ల సంఖ్యకూ జతలకూ సంబంధమే కనపడలేదని 2008లో ప్రకటించింది. అప్పటి నుంచి పరిశోధకుల చూపు పింఛం అందం మీద నుంచి పింఛంతో నెమలి చేసే పని మీదకు మళ్లింది.

మగ నెమలి పురి విప్పి ఊరికే నిలబడదు. ఈకల్ని సెకనుకు సుమారు 25 సార్లు గలగలలాడిస్తుంది. ఉయ్యాలని దాని సొంత ఊపుకు సరిపడా తోస్తే చిన్న తోపుకే పెద్ద ఊగు వస్తుంది కదా. ఈకకూ అలాంటి సొంత ఊపు ఒకటి ఉంది. నెమలి సరిగ్గా దానికి దగ్గర వేగంతోనే కదిలిస్తోందని 2016లో రోజ్లిన్ డేకిన్ బృందం వేగమైన కెమెరాలతో చూపించింది. ఇంకా అందమైన సంగతి ఇంకోటి ఉంది. ఈకంతా వణుకుతున్నా నెమలికన్ను మాత్రం దాదాపు నిలకడగా ఉంటుంది. ఆ కన్ను దగ్గరి పీచులు సూక్ష్మమైన కొక్కేలతో ఒకదానికొకటి బిగిసి ఉండడమే కారణం. మెరిసి అల్లాడే తెర మీద కదలని నీలికళ్లు తేలుతున్నట్టు ఆడ నెమలికి కనపడుతుంది. ఆడ నెమలి తల మీది తురాయి ఈకలు కూడా అదే వేగానికి స్పందిస్తాయని 2018లో తేలింది. అంటే అది ఆ ఆటను కళ్లతో చూడడమే కాక తలతో కూడా అందుకుంటూ ఉండవచ్చు.

ఆడ నెమళ్ల తలకు చిన్న కెమెరాలు తగిలించి జెస్సికా యోర్జిన్‌స్కీ చేసిన పరిశోధనలో మరో సంగతి బయటపడింది. మగది ఇంత హంగు చేస్తున్నా ఆడది దాని వంక చూసేది మూడోవంతు సమయం కంటే తక్కువే. చూసినా పింఛం అడుగుభాగాన్నే ఎక్కువగా చూస్తుంది. మిగతా సమయమంతా చుట్టూ ఏముందో కనిపెట్టుకుని ఉంటుంది. ఆ కాస్త చూపు కోసం మగది అంత ఆటా ఆడుతుంది.

గుండె నిమిషానికి 1300 సార్లు

ఆటకు జీవశాస్త్రంలో ఉన్న విలువ పనామా అడవుల్లోని మానకిన్ అనే చిట్టి పక్షి దగ్గర ఇంకా బాగా అర్థమవుతుంది. బంగారు రంగు మెడపట్టీ ఉన్న ఈ జాతిలో మగది అడవి నేల మీద కాస్త చోటు ఎంచుకుని ఆకులూ పుల్లలూ ఏరేసి శుభ్రం చేస్తుంది. చుట్టూ ఉన్న మొక్కల కాండాల మధ్య ఎగిరెగిరి దూకుతూ, రెక్కలతో ఫట్‌ఫట్‌మని చిటికెలు కొడుతూ, గడ్డం ఈకలు బిర్రబిగించి ఠక్కున ఆగుతుంది. ఆ సమయంలో దాని గుండె నిమిషానికి 1300 సార్లు పైబడి కొట్టుకున్నట్టు పరిశోధకులు నమోదు చేశారు. రెండు మగపక్షుల ఆటలో తేడా సెకనులో కొన్ని వందోవంతులే ఉంటుంది. అంత చిన్న తేడాని కూడా ఆడది పసిగట్టి చురుకైనదాన్నే ఎంచుకుంటుంది.

ఇజ్రాయెల్ శాస్త్రవేత్త అమోత్జ్ జహావి 1975లో దీనికి ఒక వివరణ ఇచ్చాడు. ఖరీదైన సంకేతాన్ని మోసంతో తయారుచేయడం కష్టం. రోగంతో ఉన్న పక్షి, తిండి దొరకని పక్షి, కండరాల మీద పట్టులేని పక్షి ఆ వేగంతో ఆడలేదు. ఆట ఒకరకమైన వైద్య పరీక్ష. అబద్ధం చెబితే ఒళ్లే పట్టిస్తుంది.

అయితే అన్ని పక్షులూ ఇలా ఒంటరిగా ఆడవు. కొంగజాతిలో, సారస పక్షుల్లో, జుట్టు గ్రీబులనే నీటిపక్షుల్లో ఆడా మగా ఇద్దరూ ఎదురెదురుగా ఆడతాయి. జూలియన్ హక్స్‌లీ 1914లో గ్రీబుల ఆట మీద రాసిన పరిశోధన ఇప్పటికీ చదవదగ్గది: రెండూ నీటి అడుగు నుంచి నాచు తెచ్చి, ఛాతీలు ఆనించి, నీళ్ల మీద నిటారుగా లేస్తాయి. ఈ జాతుల్లో పిల్లల్ని తల్లీతండ్రీ కలిసి పెంచుతాయి. మానకిన్‌లో మగది ఆటతోనే సరిపెడుతుంది, గూడూ పిల్లలూ ఆడదాని భారమే. కాపురం ఇద్దరిదైన చోట ఆట కూడా ఇద్దరిది అవుతోంది. మనిషి విషయానికి వెళ్లేముందు ఈ తేడాని గుర్తుపెట్టుకోవాలి.

మంచి ఆటగాడు మంచి వరుడా?

మనుషుల్లోనూ ఆట ఒంటి దారుఢ్యాన్ని చూపుతుందా? ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయంలో నిక్ నీవ్ బృందం 2010లో 19 మంది యువకుల్ని ఒంటికి గుర్తులు అంటించి ఆడించింది. కెమెరాలు పట్టిన కదలికల్ని ముఖంలేని కంప్యూటర్ బొమ్మకు ఎక్కించారు. రూపం, బట్టలు, ఎత్తు ఏవీ కనపడకుండా కదలిక ఒక్కటే మిగిలింది. ఆ బొమ్మల్ని చూసి ఆడవాళ్లు మార్కులు వేశారు. మెడా నడుమూ విశాలంగా, రకరకాలుగా కదిపినవాళ్లకూ, కుడిమోకాలు వేగంగా ఆడించినవాళ్లకూ మంచి మార్కులు వచ్చాయి. ఒకే కదలికను బిగుసుకుపోయి మళ్లీమళ్లీ చేసినవాళ్లు వెనకబడ్డారు. ఇదే విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో స్త్రీల ఆట మీద చేసిన పరిశోధనలో తుంటి ఊపు, చేతులూ తొడలూ ఒకదానితో ఒకటి పొంతన లేకుండా విడివిడిగా కదలడం మెచ్చుకోలుకు కారణమని తేలింది.

ఈ ఫలితాలు ఆసక్తికరమైనవే. కానీ వీటి మీద పెద్ద భవనం కట్టలేం. ఆడినవాళ్లు కొద్దిమంది, ఒకే దేశంవాళ్లు. అన్నింటికన్నా ముఖ్యం, గదిలో ఒక్కొక్కరే ఆడారు. ప్రపంచంలో ఎంతమంది అలా ఆడతారు?

> కూలిపోయిన పరిశోధన
> జమైకా యువతీయువకుల మీద చేసిన ఒక పరిశోధన 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. శరీరం కుడిఎడమలు ఎంత సమానంగా ఉంటే ఆట అంత బాగుంటుందని, మగవాళ్లలో ఇది మరీ స్పష్టమని చెప్పింది. ప్రపంచమంతా పత్రికలు దాన్ని ఎత్తుకున్నాయి. తరవాత, రచయితల్లో ఒకరైన రాబర్ట్ ట్రివర్స్‌కే అంకెల మీద అనుమానం వచ్చింది. ఆయన పట్టుబట్టి ఆ సంగతి బయటపెట్టారు. వాళ్ల విశ్వవిద్యాలయం విచారణ జరిపింది. 2013లో నేచర్ ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. నేటికీ కొన్ని పుస్తకాల్లో, వీడియోల్లో ఆ ఫలితం నిజమన్నట్టే తిరుగుతోంది. కనపడితే నమ్మకండి.

మనుషుల్లో ఆటకీ జతకీ ఉన్న సంబంధం అత్యంత బాహాటంగా కనిపించే చోటు ఆఫ్రికాలోని నైజర్. అక్కడ వొడాబే అనే పశువుల కాపరుల తెగ వానాకాలం చివర గెరెవోల్ పండుగ చేసుకుంటుంది. ముస్తాబయ్యేది మగవాళ్లు. ముఖానికి రంగు, కళ్లకు కాటుక, పెదాలకు నలుపు పూసుకుంటారు. కనుగుడ్లు తిప్పుతూ, పళ్ల తెలుపు కనపడేలా నవ్వుతూ గంటల తరబడి ఆడతారు. ఎంచుకునేది ఆడవాళ్లు. వినగానే నెమలి గుర్తుకొస్తుంది. కానీ ఒక తేడా చూడండి. వొడాబే యువకులు భుజం భుజం కలిపి వరసలో నిలబడి, ఒకే పాటకు, ఒకే ఊపుతో ఆడతారు. అంత పోటీ కూడా జట్టులో ఒదిగిన తరవాతే. జట్టుతో కలవలేనివాడు పోటీలో లేనట్టే.

చెవి నుంచి కాలికి

జట్టుగా ఆడాలంటే ముందు అందరి కాలూ ఒకే క్షణంలో పడాలి. వినడానికి చిన్న విషయం, చేయడానికి అద్భుతం. దరువు విని కాలు కదిపితే ఆలస్యమైపోతుంది, ఎందుకంటే శబ్దం చెవిలో పడి, మెదడు ఆజ్ఞ కండరానికి చేరేలోపు ఆ దెబ్బ దాటిపోతుంది. అందుకే మెదడు వినదు, ముందే ఊహిస్తుంది. తాళానికి వేలు కొట్టమంటే చాలామంది దెబ్బ కంటే రెప్పపాటు ముందే కొడతారు. కదలకుండా కూర్చుని దరువు వింటున్నప్పుడు కూడా కదలికల్ని నడిపే మెదడు భాగాలు చురుకుగా ఉన్నట్టు స్కాన్లు చూపిస్తున్నాయి. మేడ మీద నిలబడ్డవాళ్ల పాదాలు తాళం వేయడానికి కారణం ఇదే. వాళ్ల మెదడు అప్పటికే ఆడుతోంది.

డీజే పెట్టెల ముందు పొట్ట అదిరినట్టు అనిపించడానికీ ఆటకీ సంబంధం ఉంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఒక సంగీత కచేరీలో, చెవికి వినపడనంత మంద్రమైన ధ్వనిని రెండున్నర నిమిషాలకొకసారి పెడుతూ ఆపుతూ పరీక్షించారు. అది మోగుతున్నప్పుడు జనం దాదాపు 12 శాతం ఎక్కువగా కదిలారు. మోగుతున్న సంగతి వాళ్లకు తెలియనే తెలియదు. ఒంటి తూకాన్ని చూసుకునే లోపలి చెవికీ, చర్మానికీ ఆ కంపనం అంది ఉంటుందని పరిశోధకుల అంచనా. పెద్ద డోలు లేని జాతర ఎందుకు చప్పగా ఉంటుందో ఇప్పుడు కొంత తెలిసింది.

> కుక్క ఎందుకు ఆడదు?
> మనిషితో వేల ఏళ్లుగా ఉంటున్నా కుక్క తాళానికి కాలు కలపదు. స్నోబాల్ అనే కాకటూ చిలుక కలుపుతుంది. పాట వేగం మారిస్తే తన వేగం మార్చుకుంటుందని 2009లో అనిరుద్ధ్ పటేల్ బృందం నిరూపించింది. విన్న ధ్వనిని అనుకరించగల జీవులకే తాళం పట్టుబడుతుందని ఆయన ప్రతిపాదన: అనుకరించాలంటే చెవికీ కండరాలకీ మధ్య మెదడులో గట్టి దారి ఉండాలి. అయితే 2013లో రోనన్ అనే సీలయన్ కూడా తాళానికి తల ఊపడం నేర్చుకుంది. సీలయన్లు ధ్వని అనుకరణలో పేరున్నవి కావు. అందుకని ప్రతిపాదన ఇంకా వాదంలోనే ఉంది.

కలిసి కదిలితే ఏమవుతుంది

అదే మెక్‌మాస్టర్‌లో లారా సిరెల్లి, లారెల్ ట్రెయినర్ చేసిన ప్రయోగం నాకు అన్నింటికంటే నచ్చినది. 14 నెలల పిల్లల్ని ఒకరు ఎత్తుకుని పాటకు తాళంగా ఎగరేస్తారు. ఎదురుగా నిలబడ్డ మరొకామె కొందరు పిల్లల ముందు అదే తాళానికి మోకాళ్లు వంచి లేస్తుంది, ఇంకొందరి ముందు తాళం తప్పి లేస్తుంది. తరవాత ఆమె బట్టల క్లిప్పులో కాగితం ఉండలో చేయి జారినట్టు పడేస్తుంది. తనతో తాళం కలిపినామెకు పిల్లలు ఎక్కువసార్లు వాటిని తీసిచ్చారు. ఆమెతో సంబంధంలేని కొత్తవ్యక్తికి ఆ సాయం పెరగలేదు, కానీ ఆమె స్నేహితురాలిగా పరిచయమైన వ్యక్తికి మాత్రం పెరిగింది. మాటలు రాని వయసులోనే, నాతో కలిసి కదిలినవాళ్లు నావాళ్లు, వాళ్లవాళ్లూ నావాళ్లే అన్న లెక్క మొదలైందన్నమాట.

పెద్దల్లో ఇది ఒంటి రసాయనాల దాకా వెళుతుంది. బ్రెజిల్‌లోని మరజో దీవిలో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన బ్రాన్విన్ టార్, రాబిన్ డన్బార్ బృందం 264 మంది హైస్కూలు విద్యార్థుల్ని చిన్నచిన్న జట్లుగా ఆడించింది. కొన్ని జట్లు ఒంటినంతా కదిపాయి, కొన్ని కూర్చుని చేతులు మాత్రమే. కొన్ని ఒకే తీరుగా ఆడాయి, కొన్ని ఎవరికివాళ్లు. ముందూ తరవాతా వాళ్ల చేతికి బీపీ పట్టీ కట్టి, నొప్పి అనిపించేదాకా బిగించారు. మెదడులో నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లను నేరుగా కొలవడం కష్టం కాబట్టి ఈ అడ్డదారి. శ్రమపడి ఆడినా నొప్పి ఓర్పు పెరిగింది, ఒకే తీరుగా ఆడినా పెరిగింది. ఆ రెండింటితోనూ జట్టు మీద ఆత్మీయత పెరిగింది. ఒంటరిగా పరుగెత్తినా ఒంటికి మంచిదే, కానీ పక్కవాళ్లతో అడుగు కలపడానికి విడిగా ఒక ఫలితం ఉందని దీనర్థం.

ఈ శక్తి మంచి చెడ్డల్ని ఎరగదు. అమెరికా చరిత్రకారుడు విలియం మెక్‌నీల్ 1941లో టెక్సాస్‌లో సైనిక కవాతు చేస్తుండగా తనకు కలిగిన విచిత్రమైన ఉత్సాహాన్ని మరువలేక, 1995లో దాని మీదే పుస్తకం రాశాడు. పల్లె ఆటలో జనాన్ని కలిపే యంత్రాంగమే నియంతల కవాతుల్లోనూ పనిచేసిందని ఆయన చూపించాడు. ఎవరు, దేనికోసం కలుపుతున్నారన్నది మనమే చూసుకోవాలి.

దండారి దారిలో

ఇప్పుడు పెళ్లి సంగతికి మళ్లీ వద్దాం. ఉమ్మడి ఆదిలాబాద్ గోండులు దీపావళికి ముందు రోజుల్లో దండారి అనే ఆట జట్లు కడతారు. వాటిలో గుస్సాడీలనే వేషధారులు నెమలి ఈకల పెద్ద కిరీటాలు తలకెత్తుకుని, ఒంటికి బూడిద పూసుకుని, మేకతోలు తగిలించుకుని, కాళ్ల గజ్జెలు మోగిస్తూ కదులుతారు. మర్లవాయికి చెందిన కనక రాజు ఈ ఆటను తరవాతి తరాలకు నేర్పినందుకే 2021లో పద్మశ్రీ అందుకున్నారు. దండారి జట్టు తన ఊళ్లోనే ఆడి ఊరుకోదు. బంధుత్వం ఉన్న మరో ఊరికి వెళుతుంది. ఆ ఊరు ఎదురొచ్చి, కాళ్లు కడిగి, అన్నం పెట్టి, రాత్రంతా కలిసి ఆడుతుంది. ఈ రాకపోకల్లోనే పిల్లా పిల్లవాడు ఒకరినొకరు చూసుకుంటారు, పెద్దలు సంబంధాలు మాట్లాడుకుంటారు.

ఇక్కడ అమ్మాయి తన ముందున్న ఒక్క ఆటగాడి మోకాలి వేగాన్ని మాత్రమే తూచడం లేదు. ఊరు ఊరును చూస్తోంది. అతిథిని ఎలా చూసుకుంటారు, పెద్దల మాట ఎలా వింటారు, జట్టులో ఎవరు ఎవరికోసం ఆగుతారు అన్నవన్నీ ఒక్క రాత్రిలో కంటికి కనపడతాయి. బిడ్డను పదిహేనేళ్లకు పైగా పెంచాల్సిన మనిషి జాతికి, పెంపకంలో అత్తా అమ్మమ్మా మామా అందరూ చేయివేసే జాతికి, ఇది మానకిన్ గుండెవేగం కంటే పనికొచ్చే సమాచారం. అరకులో థింసా ఆడేటప్పుడు స్త్రీలు ఒకరి నడుము చుట్టూ మరొకరు చేతులు పెనవేసి పాములా మెలికలు తిరిగే వరస కడతారు. అందులో ఎవరు బాగా ఆడుతున్నారో చెప్పడం కష్టం. వరస తెగిందా లేదా అన్నదే అక్కడ చూసేది.

బతుకమ్మకైతే జత ఎంపికతో సంబంధమే లేదు. తొమ్మిది రోజులు ఆడవాళ్లే వలయంగా తిరుగుతూ, వంగి లేస్తూ, ఒకే క్షణంలో చప్పట్లు కొడతారు. ఆ వలయంలో పుట్టింటికొచ్చిన కూతురూ ఉంటుంది, ఊరికి కొత్తగా వచ్చిన కోడలూ ఉంటుంది. ఆట ఉన్నది జత కోసమే అయితే ఈ పండుగ ఇంత బలంగా నిలవడానికి కారణం చెప్పలేం. కలిసి బతకడం కోసం అనుకుంటే సులువుగా చెప్పగలం.

వయసు మళ్లినవాళ్లకూ ఆటవల్ల లాభం ఉండవచ్చు. న్యూయార్క్‌లో జో వర్గీస్ బృందం 75 ఏళ్లు దాటిన 469 మందిని కొన్నేళ్లు గమనించి 2003లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, శారీరక కాలక్షేపాల్లో మతిమరుపు జబ్బు ముప్పు తగ్గడంతో ముడిపడినది నాట్యం ఒక్కటే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఆడగలుగుతున్నారేమో అన్న సందేహం ఇందులో మిగిలే ఉంది. పార్కిన్సన్స్ రోగులకు తాళంతో నడక నేర్పడం, టాంగో ఆడించడం మాత్రం నడకకూ ఒంటి నిలకడకూ మేలు చేస్తున్నాయి.

ఇదంతా చదివాక మన బడుల వార్షికోత్సవాలు చూస్తే దిగులు కలుగుతుంది. పది మంది పిల్లలు వేదిక మీద సినిమా పాటకు ఆడతారు, మిగతా నాలుగువందల మంది కూర్చుని చూస్తారు. టీవీ పోటీలు ఆటను మార్కుల వ్యవహారం చేశాయి. పరిశోధనలు చెబుతున్న మేలు ఆడేవాళ్లకే, ముఖ్యంగా పక్కవాళ్లతో అడుగు కలిపేవాళ్లకు. ప్రధానోపాధ్యాయులకూ, వ్యాయామ ఉపాధ్యాయులకూ నా విన్నపం: వారంలో ఒక్క పీరియడ్ తరగతి మొత్తానికి కోలాటం పెట్టండి. ఒక్కొక్కరికి రెండు కర్రలు చాలు. బాగా ఆడేవాళ్లను ఏరకండి. తాళం తప్పే పిల్లవాణ్ని పక్కకు నిలబెట్టకండి, వాడికే ఆ వరసలో చోటు ఎక్కువ అవసరం.